ఆమె అరపెన్నీ

మా కెల్స్‌బీకి గొర్రెలు కొనేవాళ్ళు వస్తారు, ఉన్ని కొనేవాళ్ళు వస్తారు, పన్నులవాళ్ళు పిలవకపోయినా వస్తారు. పుస్తకాలు రాసేవాళ్ళు మాత్రం రారు. అందుకే నల్లకోటు తొడుక్కుని, ఆకుపచ్చ గుడ్డ పరిచిన చెక్కపళ్ళెం చంకన పెట్టుకుని పెవరెల్ గారు గుర్రం దిగితే, పళ్ళు పీకే వైద్యుడు వచ్చాడని ఊరంతా అనుకుంది. పిప్పిపన్నున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు దవడ పట్టుకుని ఆయన వెనకాలే నడిచారు కూడా.

ఆయన వచ్చింది పాత బిళ్ళల కోసం. మేం వయసులో ఉన్నప్పుడు కొట్లవాళ్ళు సొంతంగా అచ్చువేయించుకున్న ఇత్తడి బిళ్ళలు. ఇంగ్లండులో ఏ ఊళ్ళో ఏ కొట్టువాడు ఏ బిళ్ళ వేయించాడో అంతా చరిత్రగా రాస్తున్నారట. ఊళ్ళో ఎవరినడిగినా, "జీనులు కుట్టే ఏమస్ భార్య డోర్కస్ ఉంది, ఆవిడనడగండి, ఆపడం మాత్రం మీవల్ల కాదు" అన్నారట. ఆ డోర్కస్‌ని నేనే.

మధ్యాహ్నం పూట నేను కూర్చునేది హెస్టర్ కొవ్వొత్తుల కొట్టు ముందున్న బల్ల మీద. ఆయన కూడా అక్కడే కూర్చున్నారు. హెస్టర్ లోపల్నుంచి ఒక బిళ్ళ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "చూసుకుని ఇచ్చెయ్యండి, అది అమ్మకానికి కాదు" అని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని కొలిచారు, బుల్లి తక్కెడలో తూచారు, తర్వాత కాగితం మీద ఏదో రాశారు. నాకు అచ్చుపుస్తకం చదవడం వచ్చు కానీ ఆయన రాత కోడి గెలికినట్టుంది.

"ఏం రాశారేంటి?"

"'కెల్స్‌బీ, కొవ్వొత్తుల వర్తకం, అరపెన్నీ. అచ్చయింది గానీ చలామణి కాలేదు' అని రాశానమ్మా."

"ఆ చివరి మాట కొట్టెయ్యండి."

"ఎందుకు? బిళ్ళలు వాడకూడదన్న రాజుగారి ఆజ్ఞ, ఈ బిళ్ళల సంచి ఒకే బండిలో ఊళ్ళోకొచ్చాయని మీరే చెప్పారుగా. ఇంక వీటిని వాడిందెవరు?"

"ఒకటి వాడారు."

ఆయన నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, చదువుకున్నవాళ్ళు ముసలమ్మల దగ్గర నవ్వే నవ్వు. "ఒక్కటి వాడితే దాన్ని చలామణి అంటారామ్మా?"

నాకు ఒళ్ళు మండింది. అయినా ఆయన తప్పేముంది, ఆయనకెలా తెలుస్తుంది? మొదటినుంచీ చెప్పాను. మీకూ అలాగే చెప్తున్నాను.

ఆ రోజుల్లో రాజులకి బంగారం అచ్చువేయడం తెలుసు, వెండి అచ్చువేయడం తెలుసు. పావు పెన్నీ పెట్టి ఒక్క కొవ్వొత్తి కొనుక్కునేవాళ్ళు కూడా తమ ప్రజలేనన్న సంగతి మాత్రం చాలాకాలం తట్టలేదు. చిల్లర లేదు. చిల్లర లేకపోతే బీదవాడికి బజారే లేదు. అందుకని కొట్లవాళ్ళే లండన్‌కి కబురుపెట్టి ఇత్తడి బిళ్ళలు చేయించుకునేవాళ్ళు. బిళ్ళ మీద కొట్టువాడి పేరు, ఊరి పేరు, సరుకు బొమ్మ ఉండేవి. వెండిపెన్నీ ఇచ్చి ఒక కొవ్వొత్తి కొంటే మిగతాది బిళ్ళల్లో ఇస్తారు. అవి తీసుకెళ్ళి రొట్టెల కొట్లో ఇస్తే వాడూ తీసుకుంటాడు. ప్రతి కొట్లోనూ గడుల పెట్టె ఒకటుండేది. ఎవరి బిళ్ళలు వాళ్ళ గడిలో వేసుకుని, నెలకోసారి ఒకరివొకరు మార్చుకునేవాళ్ళు. బిళ్ళలో ఉన్న ఇత్తడి గవ్వ చెయ్యదు. దాని మీదున్న పేరుకే విలువంతా.

బిళ్ళలకి మేం పెట్టుకున్న పేర్లు వేరు. బట్టల కొట్టు ఓర్‌గ్రేవ్ బిళ్ళ మీద సింహం ఉండేది. లండన్‌వాడు దాన్ని ఎలా చెక్కాడో గానీ మేం 'పిల్లి' అనేవాళ్ళం, ఓర్‌గ్రేవ్ ఉడుక్కునేవాడు. కొవ్వొత్తుల గైల్స్ థాక్‌వెల్ పావు పెన్నీ బిళ్ళ పేరు 'మార్జరీ'. ఆ బిళ్ళకి ఒక పక్క కర్రకి వేలాడే కొవ్వొత్తులు. రెండో పక్క మూడక్షరాలు: పైన ఇంటిపేరుది, కింద మొగుడిదీ పెళ్ళానిదీ పక్కపక్కన. అప్పట్లో అందరూ అలాగే వేయించేవాళ్ళు. కొట్టు ఇద్దరిదీ అని చెప్పడమన్నమాట. మార్జరీ నవ్వుమొహం మనిషి. చిల్లర తనే లెక్కపెట్టి చేతిలో పెట్టేది. అలా ఆ పేరొచ్చింది. "రెండు మార్జరీల సబ్బియ్యి" అంటే ఊళ్ళో పసిపిల్లలకి కూడా అర్థమయ్యేది.

ఆ మార్జరీ ఒక చలికాలం జ్వరమొచ్చి పోయింది. హెస్టర్‌కి అప్పుడు ఆరేళ్ళు. గైల్స్ ఏడాది ఏడ్చాడు, తర్వాత అర్సులాని చేసుకున్నాడు.

అర్సులాది చిత్తడినేలల వైపు. పొడుగు మనిషి, మాట తక్కువ. మా ఊళ్ళో ఆ వైపువాళ్ళని చూస్తే "కప్పల కూర బావుందా?" అని అడుగుతారు. ఈమెనీ అడిగారు. "మీ ఊరి బీరు కంటే బానే ఉంటుంది" అంది. నాకు ఆ రోజే నచ్చింది. ఎదురింటిదాన్ని కదా, నన్ను వదినా అని పిలిచేది. ఊరికి మాత్రం నచ్చలేదు. చచ్చినోళ్ళ కళ్ళు చారెడని ఊరికే అన్నారా? మార్జరీ ఉన్నన్నాళ్ళూ తూకం తక్కువని సణిగినవాళ్ళే, పోయాక "ఆ మహాతల్లి చేత్తో ఇస్తే ఎక్కువే ఇచ్చేది" అనడం మొదలుపెట్టారు. అర్సులాని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. కొత్తామె అనేవాళ్ళు. పదేళ్ళు దాటినా కొత్తామే. హెస్టర్ అయితే అసలు ఏమీ పిలిచేది కాదు. అవసరమైతే ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడేది, అంతే.

పని చూస్తే అర్సులాది అందెవేసిన చెయ్యి. గొర్రె కొవ్వు కరిగించడం, తేట పట్టడం, వత్తులు కర్రకి కట్టి ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచడం. ఆ కంపు ఒంట్లోంచి ఆదివారం చర్చికి వెళ్ళినా పోదు. చలికి చేతులు పగిలేవి. ఇంత చేసి కౌంటర్ దగ్గర నిలబడితే వినిపించేదేంటి? "ఇదిగో రెండు మార్జరీలు." "ఒక మార్జరీ తక్కువైంది, చూడు." "మార్జరీలు లేవా ఇంకా?" పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోయిన సవతి పేరు పలికి చిల్లర లెక్కపెట్టుకోవాలి. నాకైతే ఆ గడుల పెట్టె తీసి వీధిలోకి విసిరేద్దామనిపించేది.

ఆమె విసరలేదు. గైల్స్‌ని అడిగింది. బిళ్ళలు తరిగిపోయి మళ్ళీ లండన్‌కి కబురు పంపే సమయంలో నేను అక్కడే ఉన్నాను.

"ఈసారి అక్షరం మార్చి వేయిస్తావా?"

గైల్స్ చెడ్డవాడు కాదు. కొట్టి ఎరగడు, తిట్టి ఎరగడు. తల గోక్కుని, "పాత అచ్చు ఇంకా అరగలేదే. కొత్త అచ్చు చెక్కాలంటే దానికి వేరే డబ్బడుగుతాడు. అయినా ఎవరు చూస్తారే అక్షరాలు?" అన్నాడు.

"నేను చూస్తా" అంది అర్సులా.

బండి నడిపే నాథన్ క్రిక్‌తో గైల్స్ చెప్పి పంపింది ఒక్కటే మాట: "ఎప్పట్లాగే." అచ్చు అరగలేదన్న మాట ఆమె మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. మొగుళ్ళు మంచివాళ్ళయి ఉండి కూడా మనసుకి గాయం చెయ్యగలరని నాకు తెలిసింది ఆ రోజే.

తర్వాత కొన్నేళ్ళకి గైల్స్ గుండెల్లో నీరు పట్టి పోయాడు. కొట్టు అర్సులా చేతికొచ్చింది. ఏడుపు అయ్యాక, వేసవి మొదట్లో ఒక రోజు నా దగ్గరికొచ్చి గుమ్మంలో నిలబడి, "వదినా, చెంచాలు అమ్మేశా" అంది.

పుట్టింటినుంచి తెచ్చుకున్న వెండి చెంచాలవి. నేను నోరు తెరిచాను.

"కొత్త అచ్చు చెక్కమని నాథన్ చేత చెప్పి పంపించా. పావు పెన్నీ కాదు, అరపెన్నీ."

"అరపెన్నీ ఎందుకే?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "వెడల్పుగా ఉంటుంది" అంది.

మార్జరీ కంటే వెడల్పుగా అన్నమాట. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. బిళ్ళ చుట్టూ పూర్తి పేరు, అర్సులా థాక్‌వెల్ అని. రెండో పక్క ఊరి పేరు, మధ్యలో 'ఆమె అరపెన్నీ'. విధవలు అలాగే వేయించేవాళ్ళు. ఆ ఎండాకాలమంతా బండి చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకొచ్చేది. ఇన్నేళ్ళలో ఆ మనిషి దేనికోసమైనా అలా ఎదురుచూడగా నేను చూడలేదు.

ఆగస్టులో బండి వచ్చింది. సంచి వచ్చింది. అదే బండిలో, ఉన్ని మూటల పైన, మేజిస్ట్రేటుగారికి చుట్టిన కాగితం ఒకటి కూడా వచ్చింది. నాథన్‌కి రెండూ బరువులే. అర్సులా సంచి కౌంటర్ మీద పెట్టుకుని ముడి విప్పుతుండగా సంత మధ్య రాతి శిలువ దగ్గర దండోరా గంట మోగింది. ఇద్దరం బయటికొచ్చి విన్నాం. రాజుగారే ఇకమీద రాగి చిల్లర వేయిస్తారట. ఇకనుంచి ఏ కొట్టువాడూ తన పేరున బిళ్ళలు వేయకూడదు, వేసినవి వాడకూడదు, వాడితే శిక్ష.

అర్సులా లోపలికి వెళ్ళి సంచి ముడి మళ్ళీ బిగించింది. సంచిని కౌంటర్ కిందకి కాలితో తోసింది. నాకు మాత్రం ఆ రాజుగారు ఎదురైతే రెండు దులిపెయ్యాలనిపించింది. ఇన్నేళ్ళు నిద్రపోయినవాడు ఇంకొక్క ఏడాది పడుకుంటే ఏం పోయేది?

ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. జనం వీధిలోకి వచ్చేశారు. అందరి ఇళ్ళలోనూ బిళ్ళలే. పాత మేజోళ్ళలో, కుండల్లో, దిండ్ల కింద దాచుకున్నవి. అవి చెల్లవంటే కూలివాళ్ళ కూడబెట్టుడంతా ఇత్తడి ముక్కలే. ముందు ఓర్‌గ్రేవ్ దగ్గరికి పరిగెత్తారు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి అతను. అప్పటికే తలుపులు మూసి, మేడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ బిళ్ళలు నావి కావు, నా భాగస్తుడివి. ఆయన పోయాడు. కావాలంటే స్మశానానికి వెళ్ళి అడగండి" అన్నాడు.

అక్కణ్ణుంచి గుంపంతా థాక్‌వెల్ కొట్టు ముందుకొచ్చి ఆగింది. అందరి గుప్పిళ్ళలోనూ మార్జరీలే. ఎవరూ లోపలికి రావడంలేదు. అడగడానికి మొహం చెల్లడంలేదు.

"గైల్స్ పోయాడు, మార్జరీ పోయింది. కొత్తామెకేం పట్టింది మనకివ్వడానికి?" అంది బీరు కాచే సిసిలీ, అందరికీ వినపడేలా. "బిళ్ళ మీద ఆవిడ అక్షరమే లేదు. అడిగితే ఆ మాటే మొహాన కొడుతుంది."

హెస్టర్ కౌంటర్ పక్కన నిలబడి ఉంది. అప్పటికి పదిహేడు దాటిన పిల్ల. తల్లి పేరు వీధిలో చెల్లని కాసవుతుందా అని ఆ పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. నేను అర్సులా పక్కకి జరిగి చెవిలో చెప్పాను, దాచుకోను: "సిసిలీ నోటితోనే నీకు దారి చూపించింది. నీ అక్షరం కాదు, నీ బాకీ కాదు. తలుపు మూసుకో."

"అక్షరం నాది కాదు వదినా" అంది అర్సులా. "ఆ బిళ్ళలకి ఇచ్చిన కొవ్వొత్తులు మాత్రం నేను ముంచినవే. తీసుకున్నప్పుడు నేనే తీసుకున్నా."

తలుపు రెండు రెక్కలూ తెరిచింది. "వరసలో రండి. తోసుకోకండి, సబ్బు బుట్టలో పడతారు. వెండి ఉన్నంతవరకు వెండి ఇస్తా. తర్వాత సరుకు."

సిసిలీ ముందుకొచ్చింది, ఇంకా నమ్మకం కుదరక. "ఇవి మార్జరీలమ్మా."

"చూశా. ఎన్ని?"

సిసిలీ గుప్పిలి విప్పింది. బిళ్ళలన్నీ కౌంటర్ మీద కుమ్మరించింది.

ఆ రోజు, మర్నాడు, ఆ వారమంతా అదే పని. పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చారు. ముందు వెండి అయిపోయింది. చలికాలానికి కొవ్వు కొనడానికి దాచిన డబ్బది. తర్వాత సబ్బు, గంజిపొడి, మిరియాలు. కొవ్వొత్తులు గుత్తులు గుత్తులుగా వెళ్ళిపోయాయి. చివరికి రెండో కాగు కూడా ఎవరికో ఇచ్చేసింది. హెస్టర్ పక్కన కూర్చుని, వచ్చిన మార్జరీలని గడిలో వేసి, గడి నిండితే గోనెలోకి వంచేది. ఆ పిల్ల కళ్ళు అర్సులా చేతుల మీదే ఉండేవి. పగిలిన చేతులు, గోళ్ళ సందుల్లో కొవ్వు. ఆ చేతులు ఒక్కో బిళ్ళా తీసుకోవడం, ఇవ్వాల్సింది ఇవ్వడం. హెస్టర్ ఏమనుకుందో నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు.

మధ్యలో నాథన్ ఒక సలహా ఇచ్చాడు. "వెండి అయిపోతే ఏంటమ్మా? ఆ కొత్తవి ఇచ్చెయ్. రెండు మార్జరీలకి ఒక అర్సులా. మన ఊళ్ళో ఎవడు పోయి రాజుగారికి చెప్తాడు?"

'అర్సులా' అన్నాడు బిళ్ళని. మొదటిసారి. ఆమె చెయ్యి ఆగింది. నాకు తెలుసు, ఆ మాట వినడానికే చెంచాలు అమ్మింది.

"వద్దు నాథన్. నా పేరు మొట్టమొదటే దొంగతనంగా బయటికి పోవాలా? పట్టుబడితే ఇచ్చినదాన్ని నన్ను కాదు, తీసుకున్న బీదోణ్ణి పట్టుకుంటారు ముందు."

కొంతకాలానికి రాజుగారి రాగి ఫార్దింగులు, అంటే పావు పెన్నీలు, వచ్చాయి. ఒక పక్క రాజుగారి తల, రెండో పక్క ఈటె పట్టుకుని కూర్చున్న ఆడమనిషి. ఆమె ఎవరో మాకు తెలియదు. ఆ ఫార్దింగుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈవిడ మాత్రం అదృష్టవంతురాలు, బిళ్ళకెక్కింది" అంది అర్సులా. ఆ రోజుల్లో ఆమె వేసిన ఒకే ఒక జోక్ అది. అది కూడా నవ్వించలేదు.

చివరి మార్జరీ వచ్చేసింది అనుకున్న రోజు సాయంత్రం. ఎండ ఇంకా వీధిలో ఉంది. అల్మారాలన్నీ ఖాళీ. కర్రకి అక్కడక్కడ నాలుగు కొవ్వొత్తులు మిగిలాయి. మర్నాడు ఇత్తడి పోతపోసే టోబీ వచ్చి కొత్త బిళ్ళల సంచిని పాత ఇత్తడి లెక్కన తీసుకెళ్ళాలి. అర్సులా కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుంది. నేను జున్నూ రొట్టే తెచ్చాను, ముట్టుకోలేదు.

"ఎవరూ చూడరు అక్షరాలు" అంది. "గైల్స్ చెప్పింది నిజమే వదినా. నేనే వెర్రిదాన్ని."

నేను రొట్టె ఆమె వైపు ఇంకొంచెం జరిపాను.

అంతలో హెస్టర్ వంగి కౌంటర్ కింద సంచి ముడి విప్పింది. చెయ్యి పెట్టి ఒక్క బిళ్ళ తీసింది. పెరటి తలుపులోంచి వెళ్ళిపోయింది. పోతపోసేవాడికి మచ్చుకి చూపించడానికి తీసుకెళ్ళిందేమో అనుకున్నాను. పక్కసందు తిరిగి వీధిలోకొచ్చి, ముందు గుమ్మంలోంచి లోపలికి అడుగుపెట్టింది. కొనుక్కునేవాళ్ళు వచ్చినట్టు. శాలువా తలమీదికి లాక్కుని మరీ వచ్చింది. కౌంటర్ ముందు నిలబడి, బిళ్ళని చెక్క మీద పెట్టింది. కొత్త ఇత్తడి. మెరుస్తోంది.

"ఒక అర్సులా కొవ్వొత్తి ఇయ్యి."

అర్సులా బిళ్ళ వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. "అది చెల్లదు. విన్నావుగా."

"ఎవరన్నారు?"

"రాజుగారు."

"రాజుగారి దగ్గర కొవ్వొత్తి కొనడానికి రాలేదు నేను. ఇక్కడ అర్సులా థాక్‌వెల్ అని రాసుంది. ఆవిడ కొట్టు ఇదే అన్నారు. ఇదేనా, కాదా?"

"ఇదే."

"ఇస్తుందా, తలుపేసుకుంటుందా ఆవిడ? వేరేవాళ్ళ బిళ్ళలన్నిటికీ ఇచ్చిందట. తన బిళ్ళకి ఇవ్వనంటుందా?"

పెంకిపిల్ల. నిలబడ్డ తీరు, గడ్డం ఎత్తిన తీరు, అంతా మార్జరీయే. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నోట అర్సులా అన్న పేరు విన్నదే లేదు.

అర్సులా లేచింది. కర్ర దగ్గరికెళ్ళి ఉన్న నాలుగింటిలో మంచిది వెతికింది. ఒకటి చేత్తో తడిమి వదిలేసి ఇంకొకటి తీసింది. తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. బిళ్ళ తీసుకుని గడుల పెట్టె తెరిచింది. గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి. అలవాటైన చెయ్యి, మార్జరీల గడి మీదికే వెళ్ళింది.

"అందులో కాదు" అంది హెస్టర్. "అది మా అమ్మది. పక్కది నీది."

అర్సులా చెయ్యి పక్క గడి మీదికి జరిగింది. బిళ్ళ చప్పుడు చేసుకుంటూ పడింది. అప్పుడు ఏడ్చింది ఆ మనిషి. మొగుడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. హెస్టర్ ఏడవలేదు. కొవ్వొత్తి చేత్తో పట్టుకుని ముందు గుమ్మంలోంచే బయటికి వెళ్ళి, చుట్టూ తిరిగి, పెరటి తలుపులోంచి లోపలికొచ్చింది. కొవ్వొత్తులవాళ్ళ ఇంట్లో నిండు కొవ్వొత్తి వెలిగించరు, అందరూ కొనగా మిగిలిన ముక్కలే వాడతారు. ఆ రాత్రి ఆ ఇంట్లో నిండుది వెలిగింది. మా కిటికీలోంచి చూశాను.

మర్నాడు టోబీ వచ్చి, ఒక పక్క మార్జరీల గోనె, ఒక పక్క అర్సులాల సంచి చూసి తల గోక్కున్నాడు. "వేరువేరుగా కరిగించాలా?"

అర్సులా హెస్టర్ వైపు చూసింది. "అవి మీ అమ్మవి. నీ ఇష్టం."

హెస్టర్ గోనెలోంచి ఒక మార్జరీ తీసి తల్లి గడిలో వేసింది. "మిగతాది ఒకే మూసలో పొయ్యి" అంది. "డబ్బులొద్దు. పొడుగు కాడ పెట్టి ఒక గరిటె చేసియ్యి. మాది విరిగిపోయింది."

గరిటెకి పోగా మిగిలిన ఇత్తడికి బదులు టోబీ కొవ్వు కొనిపెట్టాడు. సిసిలీ రెండు పీపాలు బీరు పంపింది. ఓర్‌గ్రేవ్ తలుపు ముందు ఆ చలికాలం ఎవరూ ఆగలేదు. అర్సులా కొట్టుకి మాత్రం మూడూళ్ళ జనం వచ్చారు. కొత్తామె అని ఎవరన్నా అంటే సిసిలీ వాళ్ళ మీద పడేది, "ఆవిడకో పేరుందిరా, ఇత్తడి మీద చెక్కించుకుంది" అని. అర్సులా పోయేవరకూ ఆ కొట్టు నడిపింది. ఆమె పోయి ఇప్పటికి మూడేళ్ళు. గడుల పెట్టెలో ఆ రెండు గడులూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఒక్కో బిళ్ళతో.

అంతా చెప్పి ఊపిరి పీల్చుకున్నాను. పెవరెల్ గారు చాలాసేపు ఆ బిళ్ళని అరచేతిలోనే పెట్టుకుని కూర్చున్నారు. తూచిందే, కొలిచిందే. మళ్ళీ చూస్తున్నారు.

"మరి ఇప్పుడు చెప్పండి బాబూ" అన్నాను. "అడిగినవాళ్ళున్నారు, ఇచ్చినవాళ్ళున్నారు, సరుకు చేతులు మారింది. ఇంకేం కావాలి చలామణికి?"

ఆయన కలం సిరాలో ముంచి ఆ వరుస మీద గీత కొట్టారు. కింద మళ్ళీ రాశారు. రాసి ఆరడానికి ఊదుతుంటే, చదవమన్నాను.

"'అర్సులా థాక్‌వెల్, కెల్స్‌బీ, కొవ్వొత్తుల వర్తకురాలు. ఆమె అరపెన్నీ. ఆ ఊళ్ళో చెల్లింది.'"

"ఇంకోసారి చదవండి. కొంచెం గట్టిగా. నాకు చెవుడు."

నాకు చెవుడు లేదు. ఆయనకీ తెలుసు. కొట్టు లోపలికి తల తిప్పి, చర్చిలో చదివినట్టు గొంతెత్తి చదివారు.

లోపల కొవ్వు కలుపుతున్న ఆ ఇత్తడి గరిటె చప్పుడు ఆగింది. ఆయన చదవడం పూర్తయ్యేదాకా ఆగి, తర్వాత మళ్ళీ మొదలైంది.